మనుమల పేరిట అప్పుపత్రం

మనిషి కాపురముండదగిన ఊరు ఏది అని చెప్పవలసి వచ్చినప్పుడు సుమతీ శతకకర్త లెక్కపెట్టిన వారిలో మొదటివాడు ఋణదాత. వైద్యుడు అతని తరువాతివాడు. ఎన్నడూ ఎండిపోని ఏరు ఆ తరువాతిది. చిన్ననాడు బడిలో ఆ పద్యాన్ని వల్లించిన మనలో చాలామందికి, అప్పు ఇచ్చేవానికి దక్కిన ఈ అగ్రాసనం పెద్దయ్యాక కాస్త విచిత్రంగానే తోచి ఉంటుంది. నాకు ఇటీవల మరొకటి కూడా తోచింది. ఋణదాతనూ ఎండని ప్రవాహాన్నీ ఒకే పద్యంలో ఇరుగుపొరుగున కూర్చోబెట్టిన ఆ కవి, తనకు తెలియకుండానే మన కాలపు పెద్ద ప్రశ్న ఒకదానికి చోటు చూపించాడు. తరగని శక్తిని సంపాదించుకోవడం కోసం అప్పు చేయవచ్చునా? చేస్తే ఆ పత్రం ఎవరి పేరిట వ్రాయాలి?

వేగంగా ఎదుగుతున్న దేశాలు బొగ్గును విడిచి ఎండకూ గాలికీ మళ్ళాలంటే ముందుగా పెట్టవలసిన మదుపు అపారమైనది. బొగ్గు కేంద్రానికి ఏటేటా ఇంధనం కొనాలి. ఆ ఖర్చు దాని జీవితకాలమంతటా పరచుకొని ఉంటుంది. సూర్యుడు ఏటేటా బిల్లు పంపడు గాని, రావలసినదంతా మొదటి రోజునే అడిగి పుచ్చుకొంటాడు. అందుచేత సౌరవిద్యుత్తు ధర అనేది చాలావరకు అప్పు మీద వడ్డీ ధరే. ఆ వడ్డీని తగ్గించి, గడువును పొడిగించగల సంస్థలుగా ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జర్మనీవారి కేఎఫ్‌డబ్ల్యూ, జపానువారి జైకా, 2014లో బ్రిక్స్ దేశాలు నెలకొల్పుకొన్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు, మన దేశంలోనే 1987లో ఏర్పడిన ఇరెడా మనకు కనిపిస్తాయి. వడ్డీరేట్ల గురించి చెప్పవలసినది ఆర్థికవేత్తలు చెబుతూనే ఉన్నారు. చరిత్ర చదువుకొని ప్రభుత్వ కొలువులో చేరిన నాబోటివాణ్ణి వేధించే ప్రశ్న వేరు. ఇరవై, ముప్పై, యాభై ఏళ్ళ గడువుతో చేసే అప్పును తీర్చేవారిలో ఎందరో, దాని మీద సంతకం చేసే నాటికి ఇంకా పుట్టి ఉండరు. పుట్టనివాని పేరిట అప్పు చేసే అధికారం తండ్రికి ఎక్కడినుండి వచ్చింది?

మన పూర్వులు ఈ సంగతిని ఆలోచించకపోలేదు. తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్చవలసిందేనని చెప్పిన ధర్మశాస్త్రమే, ఏ అప్పును తీర్చనక్కరలేదో కూడా చెప్పింది. త్రాగుడుకు, కాముకత్వానికి, జూదానికి చేసినది, కట్టక మిగిలిన జరిమానా, వృథాదానం కొడుకు మెడకు చుట్టుకోవని యాజ్ఞవల్క్య స్మృతి వేరుచేసి చూపింది. కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షరమనే వ్యాఖ్య వ్రాశాడు; పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని తెలుగుపద్యాలలోకి తెచ్చి విజ్ఞానేశ్వరీయమన్నాడు. కుటుంబానికి పనికిరాని అప్పుకు మన న్యాయస్థానాలు వాడుతూ వచ్చిన మాట ‘అవ్యావహారికం’. అంతేకాదు, కాలం గడిచేకొద్దీ భారం తగ్గే ఏర్పాటు కూడా ఉన్నది. తండ్రి అప్పును కొడుకు వడ్డీతో సహా తీర్చాలి, తాత అప్పుకు మనుమడు అసలు మాత్రమే ఇవ్వాలి, అంతకు మించి దిగువతరానికి, ఆస్తి అందకపోతే, బాధ్యతే లేదు. 2005లో వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ, ఆ తరువాత చేసిన అప్పుల విషయంలో ఈ ధర్మబద్ధ బాధ్యతను తొలగించింది. తండ్రి కొడుకు అన్న ఒక్క కారణంతో ఇక ఎవరినీ కోర్టుకు ఈడ్చడానికి వీలు లేదు. ఇంటి అప్పు నుండి మన పిల్లలకు ఆ విధంగా విముక్తి లభించింది. దేశం చేసే అప్పుకు మాత్రం ఆ సవరణ వర్తించదు.

ఈ ఆలోచనలు నాకు కలిగిన చోటు భిలాయి. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళుగా దుర్గ్ జిల్లాలో ఉంటున్నాను. ఇది సోవియట్ అప్పుతో లేచిన ఊరు. 1955 ఫిబ్రవరి 2న ఢిల్లీలో ఒప్పందం కుదిరింది. పది లక్షల టన్నుల ఉక్కు కర్మాగారానికి కావలసిన యంత్రాలు, నిపుణులు సోవియట్ యూనియన్ నుండి. వడ్డీ నూటికి రెండున్నర. తీర్పు పన్నెండు వార్షిక వాయిదాలలో. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించారు. ఆ ముందునెల సంక్రాంతికే ‘అప్పు చేసి పప్పుకూడు’ అనే చలనచిత్రం తెలుగుదేశంలో విడుదలైంది. ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదు. అయినా దేశమంతా అప్పు గురించి ఒకవైపు నవ్వుకొంటూ మరొకవైపు కొలిమి వెలిగించుకొన్న సంవత్సరమది అని తలచుకొంటే నాకు సరదాగా ఉంటుంది.

1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి వేలాదిమందిని ఇక్కడికి చేర్చింది. నేటికీ భిలాయి సెక్టార్లలో తెలుగు వినిపిస్తుంది. తెలుగువారు కట్టుకొన్న బాలాజీ ఆలయంలో ఒక ఉగాదినాడు, పంచాంగ శ్రవణం ముగిశాక, నాకు ఒక వృద్ధునితో పరిచయమైంది. ఎనభైయేళ్ళు దాటిన మనిషి. ఇరవయ్యవ ఏట శ్రీకాకుళం వైపు పల్లె నుండి వచ్చి, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి, ఇక్కడే ఉండిపోయాడు. సోవియట్ అప్పు గురించి నేను అడిగితే ఆయన కాసేపు నావైపు వింతగా చూశాడు.

“అప్పేటి బాబూ? మేం ఇనుము తీసినాం. రష్యావోలు పని నేర్పినారు. అప్పు సంగతి మాకెవులూ సెప్పనేదు.”

ఆ మాటలో అమాయకత్వం కంటె న్యాయమే ఎక్కువ ఉన్నదని తరువాత అనిపించింది. ఆ అప్పును నిజానికి తీర్చినవాడు ఆయనే. ఒప్పందం ప్రకారం చెల్లింపు రూపాయలలో. ఆ రూపాయలతో వారు మన సరుకులు కొనుక్కోవచ్చు. 1966 జూన్‌లో డాలరుకు 4 రూపాయల 76 పైసలుగా ఉన్న విలువను 7 రూపాయల 50 పైసలకు దించినప్పుడు విదేశీ ద్రవ్యంలో అప్పులున్నవారంతా ఒక్కరాత్రిలో మరింత ఋణగ్రస్తులయ్యారు. రూపాయలలో, సరుకులలో తీర్చే అప్పుకు విదేశీ ద్రవ్యం వెతుక్కోవలసిన పని ఉండదు. ఇచ్చినవాడు నష్టపోయాడా అంటే, రాజకీయంగా అతడు పొందిన లాభం చిన్నది కాదు. ఋణదాతలు దానకర్ణులు కారు. వారిని అలా వర్ణించిన ఆ కాలపు ఉపన్యాసాలను ఈనాడు చదివితే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అయినా తీర్చగల రూపంలో తీర్చమనడం ఒక మర్యాద. ఆ ఋణదాత రాజ్యం 1991 డిసెంబరులో అంతరించింది. కొలిమి మాత్రం మిగిలింది. 2018లో ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేసు కూడా వెలిగింది. ఒక్క ముక్కగా 130 మీటర్ల పొడవున్న రైలుపట్టాలు ఇక్కడ తయారవుతున్నాయి.

అప్పు ఆయుష్షు పన్నెండేళ్ళు, దానితో కట్టిన వస్తువు ఆయుష్షు అరవై దాటింది. మితాక్షర న్యాయం ప్రకారం ఇది కుటుంబ క్షేమానికి చేసిన అప్పు. కొడుకులకు ఋణం రాలేదు, ఆస్తి వచ్చింది. నేను ఇంతవరకు లెక్క వేసుకొని సంతృప్తి పడ్డాను. కాని లెక్కలో ఎక్కనివి కొన్ని ఉన్నాయి.

భిలాయి ఇనుపఖనిజం దల్లీ–రాజహరా కొండలది. సున్నపురాయి నందినిది, డోలమైటు హిర్రీది, నీరు తందులా కాలువది, కరెంటు కోర్బాది. కర్మాగారం కోసం భూములు వదులుకొన్న పల్లెలవారు, ఆ కొండల చుట్టూ బ్రతికిన ఆదివాసులు ఒప్పందపత్రంలో పక్షాలు కారు. కొండ తరుగుతున్నది, అందుకే ఇప్పుడు చూపు ఇంకా దక్షిణాన రావ్‌ఘాట్ వైపు సాగింది. గనులలో చేతిపని చేసేవారిని యంత్రాలు తొలగిస్తాయన్న భయం దల్లీ–రాజహరాలో డెబ్బైల చివరి నుండి పెద్ద వివాదమైంది. శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కార్మిక సంఘం యంత్రాలను కాదనకుండా, మనిషి పనిని నిలబెట్టే సగం యాంత్రీకరణను ప్రతిపాదించింది. 1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయిలో హత్యకు గురయ్యాడు. ఆయన మార్గంతో ఏకీభవించని అధికారులను నేను ఎరుగుదును. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారిని మాత్రం ఎక్కువమందిని ఎరగను. కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత శ్రమకు ఏమి చెల్లించాలి అన్నదే ఆ ప్రశ్న. రేపు బొగ్గు గనులు మూతపడే నాడు కోర్బాలోనూ సింగరేణిలోనూ ఈ ప్రశ్నే తిరిగి వస్తుంది. సుస్థిర ఇంధనానికి అప్పు ఇచ్చే సంస్థలు ‘న్యాయమైన పరివర్తన’ అని ఈనాడు పిలుస్తున్నదానిని దల్లీ–రాజహరా గనివాళ్ళు ఎన్నడో తమ భాషలో చెప్పారు.

కోర్బా మాట వచ్చింది గనుక అక్కడ కొంతసేపు నిలుస్తాను. అప్పు ఆయుష్షుకూ, వస్తువు ఆయుష్షుకూ తోడు మూడవ ఆయుష్షు ఒకటి ఉన్నదని నాకు తెలిపినది ఆ ఊరే.

ప్రపంచ బ్యాంకుకు భారతదేశం స్థాపక సభ్యురాలు. ఆ బ్యాంకు మనకిచ్చిన తొలి ఋణం 1949లో రైల్వేలకు; మరుసటి ఏడే దామోదర్ లోయలో బొకారో బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఋణం వచ్చింది. 1975లో ఎన్‌టీపీసీ ఏర్పడిన తరువాత వరుసగా సింగరౌలి, కోర్బా, మన రామగుండం మహాకేంద్రాలు ఆ బ్యాంకు కుటుంబానికే చెందిన ఐడీఏ సహాయంతో మొదలయ్యాయి. కోర్బాకు 1978లో 20 కోట్ల డాలర్లు. ఆ రోజుల్లో ఐడీఏ షరతులు ఎంతో ఉదారమైనవి. గడువు యాభై ఏళ్ళు. మొదటి పదేళ్ళు అసలు అడగరు. వడ్డీ లేదు, ముప్పాతిక శాతం సేవారుసుము మాత్రమే. తాత అప్పుకు మనుమడు అసలు మాత్రమే ఇవ్వాలన్న ధర్మశాస్త్ర సూత్రాన్ని వాషింగ్టన్‌లో ఎవరో చదివి వ్రాసినట్లుగా ఉంటాయి. 1978కి యాభై కలిపితే 2028. ఒప్పందపు లెక్క ప్రకారం, ఆనాడు పుట్టనివాడు ఈనాడు నడివయస్సులో ఉండి కట్టే పన్నులో ఒక రవ్వ ఆ పద్దుకు చెందుతుంది.

వడ్డీ లేదన్నాను గాని, ఒక సంగతి దాచకూడదు. 1978లో డాలరు సుమారు 8 రూపాయలు. ఇప్పుడు 80 దాటి చాలాకాలమైంది. రూపాయలలో ఆదాయం వచ్చే కేంద్రం కోసం డాలర్లలో అప్పు చేసినవాడు వడ్డీ లేకపోయినా ఈ తేడాను భరిస్తాడు. ఈ నలభై ఏళ్ళలో మన ధరలు, జీతాలు కూడా పెరిగాయి కదా అని ఆక్షేపించేవారి మాటలో నిజం ఉన్నది. తేడా అంతా నష్టమని నేను అనను. అయితే ఉచితమని పిలువబడిన ఋణం ఉచితం కాదని తెలిసి ఉండడం మంచిది. ప్రభుత్వరంగ సంస్థ అప్పు తీసుకొన్నా ఆ బ్యాంకు నియమావళి ప్రకారం సభ్య ప్రభుత్వం హామీ ఉండాలి. కాబట్టి చివరి జామీనుదారు ఎప్పుడూ పన్ను కట్టేవాడే.

మూడవ ఆయుష్షు గుర్తులది. మన బొగ్గులో నూటికి 30 నుండి 45 వంతులు బూడిద. కోర్బా, రామగుండం కేంద్రాలు ఒక్కొక్కటి 2600 మెగావాట్లవి. వాటి పొగగొట్టాల నుండి వెలువడిన బొగ్గుపులుసు వాయువులో కొంత భాగం వేల సంవత్సరాలు గాలిలోనే ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అప్పు యాభై ఏళ్ళలో తీరుతుంది, కేంద్రం మహా అయితే మరి కొంతకాలం పనిచేస్తుంది, గుర్తు మాత్రం మన భాష కంటె ఎక్కువకాలం బ్రతకవచ్చు. దీనికి వాయిదాలు లేవు, హామీపత్రం లేదు, ఋణదాత పేరు కూడా లేదు.

అట్లాగని ఆ కేంద్రాలను జూదపు అప్పుల జాబితాలో చేర్చగలమా? నేను చేర్చలేను. రామగుండం దీపం క్రింద చదువుకొన్న తరంవాణ్ణి. ఆ విద్యుత్తు మోటార్లను త్రిప్పింది, ఆసుపత్రులను నడిపింది. ఒకే అప్పు ఒక కొడుక్కి వ్యావహారికం, ఇంకా పుట్టని మరొక కొడుక్కి అవ్యావహారికం అయ్యే స్థితిని విజ్ఞానేశ్వరుడు ఊహించి ఉండడు. ఊహించవలసిన అవసరం ఆయన కాలానికి లేదు.

కోర్బా నుండి ఇటు నా జిల్లా పొరుగుకు వస్తాను. 1973 వరకు దుర్గ్ జిల్లాలోనే ఉండిన రాజ్‌నంద్‌గావ్‌లో ఇప్పుడు ఒక సౌరకేంద్రం ఉన్నది. భారత సౌరశక్తి సంస్థ నిర్మించింది. నిధులు ప్రపంచ బ్యాంకువి, స్వదేశీ ఋణసంస్థవి. గ్రిడ్‌కు అందించే సామర్థ్యం 100 మెగావాట్లు. దాని పక్కనే 40 మెగావాట్ల బ్యాటరీల వరుస, మూడు గంటలపాటు ఇవ్వగలిగే నిల్వతో. మధ్యాహ్నపు ఎండను ముంత పెట్టి దాచి, దీపాలు పెట్టే వేళ వెలికితీస్తారు. పెరుగు తోడు పెట్టి రేపటికి ఉంచుకోవడం తెలిసిన మనకు ఈ ఊహ కష్టం కాదు. 2024 ఫిబ్రవరి 24న ప్రధానమంత్రి దీనిని జాతికి అంకితం చేశారు. ఆ పూటే, ఆ కార్యక్రమంలోనే, రాయగఢ్ జిల్లా లారాలో 1600 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రపు మొదటి దశ కూడా అంకితమైంది. మరొక 1600 మెగావాట్ల రెండవ దశకు శంకుస్థాపన జరిగింది.

దీనిని కపటమని వెక్కిరించడం సులభం. నాకు మాత్రం మన దేశపు నిజస్థితి ఇంత స్పష్టంగా కనిపించిన రోజు మరొకటి లేదు. 2025 జూన్ నాటికి మన స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. ఉత్పత్తి అయ్యే కరెంటులో మాత్రం అధికభాగం నేటికీ బొగ్గుదే. సూర్యుడు పగలు పదవిలో ఉంటాడు, బొగ్గు రాత్రంతా పని చేస్తుంది. ఈ దూరాన్ని పూడ్చవలసినవి రాజ్‌నంద్‌గావ్ వంటి నిల్వలు. వాటికే నేడు ఖరీదు ఎక్కువ, వాటికే చవక ఋణం అవసరం. వ్యాపార బ్యాంకు జంకే మొదటి ప్రయోగాన్ని తాను మోసి, అది సాధ్యమని చూపించి, తరువాతివారికి దారి విడవడమే అభివృద్ధి బ్యాంకు ఉనికికి ధర్మబద్ధమైన కారణమని నా అభిప్రాయం. నిన్నటి సాధారణ వ్యాపారాన్ని తక్కువ వడ్డీకి చేసిపెట్టడం దాని పని కాదు. 2017లో ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో మనకు పొరుగుగా ఉండిన రీవాలో, ఆ బ్యాంకు సహాయం తోడైన 750 మెగావాట్ల సౌరపార్కుకు మొదటి ఏటి ధర యూనిట్‌కు 2 రూపాయల 97 పైసలు పలికినప్పుడు ఆ పని ఎలా ఉంటుందో దేశం చూసింది.

అప్పు పవిత్రమైన వస్తువు కోసమైనంత మాత్రాన షరతులు పవిత్రం కావు. ఈ సంగతిని తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1999 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును విడదీసి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చేశారు. ఆ సంస్కరణకు ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల ఋణం తోడైంది. మరుసటి ఏడు చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనపై పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించారు. 2004 మే నెలలో కొత్త ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించింది. బోర్డు నష్టాలు అబద్ధం కాదు. దొంగ కనెక్షన్లు అబద్ధం కాదు. ఎవరూ డబ్బు కట్టని వ్యవస్థ ఎంతో కాలం నిలవదన్నదీ నిజమే. ఉద్యోగిగా ఆ మాట నేను చాలా సమావేశాలలో అన్నాను. కాని ధర నిర్ణయించే గది ఒకచోట, దానిని కట్టేవాని బావి మరొకచోట ఉన్నప్పుడు, మధ్యలో జవాబు చెప్పవలసినవాడు ఎవరు? శాసనసభలో చర్చించి నిర్ణయించవలసినది ఋణపత్రపు అనుబంధంలో ముందే వ్రాసి ఉంటే, ఓటరు తన ప్రతినిధిని ఏమని నిలదీయాలి? సౌరపార్కుల ఋణాలకూ షరతులుంటాయి. వాటిలో భూమి కోల్పోయేవారిని సంప్రదించాలన్న మంచి షరతులు కూడా ఉన్నాయి. మంచి షరతును కూడా మనమే మన చట్టంగా చేసుకొనడానికీ, అప్పుతోపాటు దిగుమతి చేసుకొనడానికీ మధ్య తేడా నాకు చిన్నదిగా కనిపించదు.

‘బంజరు’ అన్న ఒక్క మాట కూడా ఇందులో పరిశీలించదగినది. శిస్తు రానిదంతా బంజరని రెవిన్యూ రికార్డులో వ్రాసుకొన్న వలసకాలపు అలవాటు మనకింకా పోలేదు. పశువులు మేసే చోటు, కట్టెపుల్లలు ఏరుకొనే చోటు, కొన్నాళ్ళకు తప్పక దున్నే చోటు, కాగితం మీద అన్నీ ఒక్కటే. ఎండ అందరిదీ అయినా, ఎండ పడే నేల ఎవరో ఒకరిది. సౌరశక్తికి ఎకరాలు చాలా కావాలి. కొండను త్రవ్వి తీసిన ఇనుము దగ్గర మనం చేసిన పొరపాటు, నేలను కప్పి తీసే కరెంటు దగ్గర కూడా చేయడానికి వీలున్నది.

ఇక, అసలు ఋణగ్రస్తులు ఎవరు అని తిరిగి ప్రశ్నించేవారున్నారు. రెండు శతాబ్దాలపాటు బొగ్గు కాల్చి సంపన్నమైన దేశాలు ఆకాశంలో తమ వాటాను ఎన్నడో వాడుకొన్నాయి. ఇప్పుడు మనకు ఇవ్వవలసినది అప్పు కాదు, బాకీ. ఈ వాదం తోసివేయదగినది కాదు. 2010లో దక్షిణాఫ్రికాలోని మెదూపి బొగ్గు కేంద్రానికి 300 కోట్ల డాలర్లకు మించి ఋణమిచ్చిన ప్రపంచ బ్యాంకే, 2013లో బొగ్గు కేంద్రాలకు అరుదైన పరిస్థితులలో తప్ప ఇవ్వనన్నది. 1950లో మనకు బొగ్గే మేలని పత్రం వ్రాయించిన సంస్థ అరవై ఏళ్ళు దాటాక మనసు మార్చుకొన్నది, మంచిదే. ఆ మార్పుకయ్యే ఖర్చును మాత్రం మళ్ళీ అప్పుగానే ఇస్తున్నది. 2026 జనవరి నుండి యూరపు తన సరిహద్దులో ఉక్కుపై కర్బన సుంకాన్ని అమలులోకి తెచ్చింది. కొలిమి పెట్టుకొమ్మని ఒక యుగంలో అప్పు, కొలిమికి పొగ ఎక్కువని మరొక యుగంలో సుంకం.

అయినా ఈ వాదంతో నాకొక పేచీ ఉన్నది. దేశాల మధ్య మనం అడిగే న్యాయాన్ని దేశం లోపల మనం చేస్తున్నామా? హైదరాబాదు ఏసీ గదికీ, కోర్బా బూడిదచెరువు పక్కనున్న పల్లెకూ మధ్య ఉన్న లెక్క, లండనుకూ ఢిల్లీకీ మధ్య ఉన్న లెక్క లాంటిదే. బాకీ వసూలు చేసుకోగోరేవాడు తన బాకీల చిట్టా కూడా తెరవాలి. 2021లో గ్లాస్గోలో మనం 2070 నాటికి నికర శూన్యమని మాట ఇచ్చాం. 2024 డిసెంబరులో ఉక్కుకు మన ప్రభుత్వమే ఒక గీత గీసింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు కర్బనం వెలువడితేనే అది హరిత ఉక్కు. ఎవరి సుంకానికో భయపడి కాక మనంతట మనం గీసుకొన్న గీత అయినందుకు దానిని నేను ఎక్కువ గౌరవిస్తాను. దానిని అందుకోవడానికి భిలాయివంటి పాతకొలిముల ఊళ్ళకు చాలా డబ్బు కావాలి. ఆ డబ్బులో అప్పు ఉంటుంది. ఉండక తప్పదు.

అందుకు ఒప్పుకొనే ముందు నేను ఒక ఉద్యోగిగా అడగదలచుకొన్నవి కొన్నే. వస్తువు అప్పు కంటె ఎక్కువకాలం బ్రతుకుతుందా? సౌరఫలకాల ఆయుష్షు ఇరవై అయిదేళ్ళు. బ్యాటరీలది అంతకంటె తక్కువ. వాటిని మించిన గడువు ఎంత ఉదారంగా కనిపించినా, అది విరిగిన పలకకు కొడుకు చేత వాయిదా కట్టించడమే. తీర్పు మన సంపాదన రూపంలో ఉంటుందా, మన చేతిలో లేని ద్రవ్యంలోనా? నేల ఇచ్చినవాని పేరు పత్రంలో ఎక్కడైనా ఉన్నదా? దస్త్రాల మీద వ్యాఖ్య వ్రాసేటప్పుడు ఈ ప్రశ్నలకు నిర్ణీతమైన గడి ఏదీ ఉండదు. మార్జిన్‌లో వ్రాయవలసి వస్తుంది. మార్జిన్‌లో వ్రాసినవి పై అధికారి చదువుతారన్న భరోసా లేదు. నేనూ క్రిందివారు వ్రాసినవన్నీ చదివానని చెప్పలేను.

మొన్న ఒక సాయంత్రం ఆ వృద్ధుని ఇంటికి వెళ్ళాను. వరండాలో మనుమడు లెక్కలు చేసుకొంటున్నాడు. రాజ్‌నంద్‌గావ్ బ్యాటరీల సంగతి చెబితే ఆయనకు చాలా నచ్చింది. ఎండను దాచడమేమిటని మూడుసార్లు అడిగించుకొని విన్నాడు. కొలిమి వేడి చూసిన మనిషి కదా, పొగ లేకుండా కరెంటంటే నమ్మడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. తరువాత అడిగాడు.

“అయితే దీనికీ అప్పేనా బాబూ?”

కొంత అప్పేనన్నాను.

“ఆ పలకలు ఎన్నేళ్ళు పన్జేస్తాయి?”

ఇరవై అయిదేళ్ళన్నాను. ఆయన వేళ్ళు ముడుస్తూ మనుమడివైపు చూశాడు. “మావోడికి తొమ్మిది,” అన్నాడు. “అప్పటికి ముప్పై నాలుగు.” పిల్లవాడు తన పేరు విని తల ఎత్తాడు. కూడిక సరిపోయిందో లేదో చూడమని నోటుపుస్తకం నా చేతికి ఇచ్చాడు.